ఐదు నెలల గుర్రప్పిల్ల వెనక కాళ్లు ముట్టనివ్వడం లేదు, ఏం చేయాలి?

తాండూరు కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది తాండూరు దగ్గర పల్లె. మా నాన్నకు గుర్రాలంటే ప్రాణం. పోయిన డిసెంబరులో మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా జాతరకు వెళ్లి ఒక మార్వాడీ ఆడగుర్రాన్ని తెచ్చాడు. అప్పటికే అది సూడితో ఉంది. హోలీ ముందర ఈనింది. ఆడపిల్ల. నాలుగు కాళ్లూ తెలుపు, మొహం మీద తెల్లటి చార. పంచకల్యాణి పుట్టిందని ఊళ్లో వాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు.

మెడ, వీపు, చెవులు, ఎక్కడ ముట్టినా ఏమీ అనదు. ముందు కాళ్లు బతిమాలితే ఎత్తుతుంది కానీ వెంటనే లాగేసుకుంటుంది. వెనక కాళ్ల దగ్గరికి పోతే మాత్రం చెవులు వెనక్కి పెట్టి తన్నుతోంది. ఆ మధ్య గిట్టలు సాపు చేయించడానికి లాడాలు కొట్టే అతన్ని పిలిచాం. వెనక కాలికి తాడు కట్టి, ఇద్దరు మెడ పట్టుకుంటే ఎలాగో చెక్కేసి వెళ్లాడు. గిట్ట పైన కీలు దగ్గర తాడు ఒరుసుకుని తోలు లేచింది. గాయం మానిపోయింది గానీ అప్పటినుంచీ వెనక్కి ఎవరినీ రానివ్వడం లేదు.

వానలు మొదలయ్యాక వెనక గిట్టల దగ్గర కుళ్లిన వాసన వస్తోంది. ముందు గిట్టల అంచులు పెచ్చులు పెచ్చులుగా ఊడుతున్నాయి. ఎదురుగా నిలబడి చూస్తే ముందు కాళ్లు రెండూ కొంచెం బయటికి తిరిగినట్టున్నాయి. తెల్ల గిట్టలు మెత్తగా ఉంటాయి, ఇప్పుడే లాడాలు కొట్టిస్తే గట్టిపడతాయని ఆ అతను చెప్పాడు, నిజమేనా? వచ్చే ఏడు పెళ్లిళ్ల సీజన్‌కి బరాత్‌లో నడిపించొచ్చా అని నాన్న అడుగుతున్నాడు. తల్లికీ పిల్లకీ ఉలవ గుగ్గిళ్లు, తవుడు, పచ్చిగడ్డి పెడుతున్నాం. పాకలో తాండూరు బండలు పరిచాం, రోజూ కడిగి శుభ్రంగా ఉంచుతున్నాం. మాకు దగ్గర్లో గుర్రాలు తెలిసిన డాక్టరు లేరు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.


మలక్‌పేట పాత సాయీసు:

తమ్ముడూ, ముందు నీ పాక సంగతి చూద్దాం. చివర్లో ఒక్క మాటలో చెప్పి వదిలేశావు గానీ నాకు అసలు చిక్కు ఆ బండల దగ్గరే కనిపిస్తోంది. కడిగిన బండ మీద మూడు కాళ్ల మీద నిలబడమంటే పెద్ద గుర్రమే జంకుతుంది. పడిపోవడమంటే గుర్రానికి ప్రాణభయం. ముందు కాళ్లు వెంటనే లాగేసుకుంటోందన్నావే, అది పొగరు అనుకోకు. కింద ఉన్న మూడు కాళ్లు ఎక్కడ జారతాయోనని దాని భయం. రేపు దాన్ని బయటికి తెచ్చి పొడి నేల మీద కాలు ఎత్తి చూడు, తేడా నీకే తెలుస్తుంది. వీలైతే బండలు లేపించి మొరం పోయించి దిమ్మిస కొట్టించు. కుదరకపోతే బండల మీద వరిగడ్డి మందంగా పరిచి, తడిసిందాన్ని రెండు పూటలా ఎత్తేయి. ఆ వాసన కూడా సగం అక్కడి నుంచే వస్తోంది, నీళ్లూ ఉచ్చా బండ మీద నిలిచి గిట్టను నానబెడుతున్నాయి.

నేను మలక్‌పేట రేసుకోర్సు తబేలాల్లో పనిచేసి ఇప్పుడు మొయినాబాద్ వైపు ఒకరి గుర్రాలు చూసుకుంటున్నాను. గుర్రాలను పుట్టించి పెంచే స్టడ్ ఫారాల నుంచి కుర్ర గుర్రాలు వస్తాయి కదా, వాటిని లారీ దించిన రోజే చెప్పేయొచ్చు. పాలు తాగే వయసులో రోజూ ఎవరో ఒకరు కాళ్లు ఎత్తి దించినవైతే పగ్గం వదులుగా ఉన్నా నిలబడి కాలు ఇస్తాయి. అలా చేయనివి ముగ్గురం పట్టినా ఇవ్వవు. జాతి అదే, దాణా అదే. నీ పిల్లకి ఐదు నెలలే కాబట్టి ఆలస్యమేం కాలేదు. కాకపోతే తాడు దానికి గుర్తుంది. ముందు అది పోవాలి.

కాలు ఎత్తడం మీద అందరూ తంటాలు పడతారు. నన్నడిగితే నేర్పాల్సింది దించడం. పిల్ల లాక్కునే లోపే నువ్వు దాన్ని నెమ్మదిగా నేల మీద పెట్టాలి. రోజూ అలా జరిగితే ఈ మనిషి నా కాలు తీసుకుంటే మళ్లీ నాకు ఇచ్చేస్తాడని దానికి నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకం వచ్చాక ఎంతసేపైనా ఇస్తుంది.

ఎలాగో చెబుతాను. తల్లిని పక్కనే కట్టేసి ముందు గడ్డి వేయి. తల్లి నింపాదిగా నములుతుంటే పిల్లకి సగం ధైర్యం. పిల్లని గుంజకు కట్టొద్దు. ఈ వయసులో మెడ లేతగా ఉంటుంది, కట్టేసిన పిల్ల ఒక్కసారి వెనక్కి గుంజుకుంటే మెడ దెబ్బతింటుంది, వెల్లకిలా కూడా పడిపోతుంది. మెత్తటి పగ్గం వేసి మనిషి చేత పట్టించు. నువ్వు ఏ పక్కన ఉంటే ఆ మనిషీ అదే పక్కన, మెడ దగ్గర నిలబడాలి. అప్పుడు పిల్ల బెదిరినా తలను మీవైపు తిప్పుకుంటే వెనక భాగం మీకు దూరంగా పోతుంది. పని అయిపోగానే తలకు తొడిగిన హాల్టర్ తీసేయి. ఉంచేస్తే చెవి గోక్కునేటప్పుడు వెనక గిట్ట అందులో ఇరుక్కుంటుంది.

నేరుగా కాలి మీదికి పోవద్దు. మెడా వీపూ కలిసేచోట, జూలు అయిపోయే దగ్గర వేళ్లతో గట్టిగా గోకు. పై పెదవి ముందుకు సాగి అటూ ఇటూ ఆడుతుంది చూడు, అంటే హాయిగా ఉన్నట్టు. అక్కడి నుంచి చేయి తీయకుండా భుజం మీదుగా, మోకాలి మీదుగా కిందికి జార్చు. ఒకే బరువుతో జార్చాలి. ఈగ వాలినట్టు ముడితే ఏ గుర్రమైనా కాలు విదిలిస్తుంది. మోకాలి కింద వెనకవైపు లావుపాటి నరం తగులుతుంది, దాన్ని రెండు వేళ్లతో కొంచెం నొక్కి, నీ భుజంతో దాని భుజాన్ని అవతలికి కాస్త ఒత్తు. బరువు అటు మారగానే ఇటు మడమ లేస్తుంది. "కాలు" అనో "ఎత్తు" అనో రోజూ ఒకటే మాట అను. అంగుళం లేచినా చాలు. కింద అరచేయి పెట్టి, ఒక్క ఊపిరి సేపు ఉంచి, దించేయి. గిట్ట నేలకు ఆనేదాకా చేయి తీయకు. వెంటనే మెడ దగ్గర గోకు. నాలుగు కాళ్లకూ కలిపి పావుగంట మించొద్దు. కుర్ర గుర్రానికి అంతకంటే ఓపిక ఉండదు.

మధ్యలో కాలు గుంజుకుంటే బిగించి పట్టకు, అలాగని టక్కున వదలకు. అది ఎటు గుంజితే అటు నీ చేయి పోనీ. ఎక్కడో ఒకచోట క్షణం పాటు మెత్తబడుతుంది, అప్పుడు దించు. మరీ ఎగిరితే మాత్రం వదిలేసి పక్కకు వచ్చేయి, నీ ఒళ్లు ముఖ్యం. కాసేపాగి మళ్లీ మెడ దగ్గర మొదలుపెట్టు.

వెనక కాళ్లకు ఇప్పుడే చేయి వద్దు. చేతికి అందేంత వెదురు కర్ర తీసుకుని చివర పాత గుడ్డ మందంగా చుట్టు. నువ్వు పక్కటెముకల దగ్గర నిలబడి, ఒక చేయి వీపు మీద వేసి, ఆ గుడ్డతో తుంటి మీద, తొడ మీద, కింది దాకా నెమ్మదిగా రాయి. తన్నుతుంది, తన్ననీ. గుడ్డ మాత్రం కాలి మీదే ఉండాలి. కాలు కదలకుండా ఉన్న మరుక్షణం గుడ్డ తీసేయి. తన్నినప్పుడు తీస్తే తన్నితే పోతుందని నేర్చుకుంటుంది, నిలబడ్డప్పుడు తీస్తే నిలబడితే పోతుందని నేర్చుకుంటుంది. తాడు ఒరుసుకున్న చోట ఎక్కువ రోజులు పట్టొచ్చు. గుడ్డకు అలవాటు పడ్డాకే చేయి.

వెనక కాలు పట్టేటప్పుడు నేరుగా వెనక్కి, కిందికే పట్టాలి. నీవైపు పక్కకు లాగితే తుంటి దగ్గర నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి తన్నితే మొండిదంటాం. పని తెలిసిన నాల్‌బంద్, అంటే లాడాలు కొట్టేవాడు, పిల్ల దగ్గరికి వచ్చినప్పుడు తానే నేల దాకా వంగుతాడు, పిల్ల కాలిని తన నడుము దాకా లేపడు. ఈసారి పిలిచేటప్పుడు ఇది చూసుకో. మళ్లీ తాడు కట్టబోతే చెక్కకపోయినా ఫర్వాలేదని పంపించేయి. ఈరోజు ముందు కాళ్లు, రేపు వెనక కాళ్లు అని ఒప్పందం చేసుకుంటే ఇంకా మేలు.

కాలు ఇవ్వడం అలవాటయ్యాక అరికాలి మీద అరచేత్తో తట్టు, తర్వాత చిన్న కర్రముక్కతో తట్టు. ఆకురాయి అదురు దానికి కొత్తగా అనిపించకూడదు. కొక్కెంతో మట్టి తీసేటప్పుడు మడమ వైపు నుంచి ముందుకే గీకు. మధ్యలో మెత్తగా త్రికోణంలా ఉంటుంది చూడు, దాన్ని గుచ్చొద్దు, దాని రెండు పక్కల సందుల్లో ఇరుక్కున్న రేగడి తీస్తే చాలు. మీ నల్లరేగడి సందులో ఆరిపోతే రాయితో సమానం, రోజూ తీయాల్సిందే.

అంచులు పెచ్చులూడటం గురించి భయపడకు. గిట్ట మీద అడ్డంగా ఒక గీత కనిపిస్తోందేమో చూడు. దాని కింద ఉన్నది కడుపులో ఉన్నప్పటి గిట్ట, పైన ఉన్నది పుట్టాక పెరిగింది. పాతది కిందికి జారుతూ పెళుసుగా ఊడిపోతుంది. ఆకురాయితో అంచు గుండ్రంగా తిప్పిస్తే చాలు. నెలకోసారి, ఎంత ఆలస్యమైనా ఆరు వారాల లోపు చూపించు. పెద్ద గుర్రం కంటే పిల్లకి గిట్ట వేగంగా పెరుగుతుంది.

లాడాలు మాత్రం వద్దు. తెలుపైనా నలుపైనా గిట్ట గట్టిదనంలో తేడా ఉండదు, అది రంగు మాత్రమే. అడుగు వేసినప్పుడల్లా మడమ కొంచెం విచ్చుకుని మూసుకుంటుంది, గిట్ట వెడల్పుగా పెరిగేది అలాగే. ఈ వయసులో ఇనుము బిగించి మేకులు కొడితే గిట్ట ఇరుకైపోతుంది.

ఇక బరాత్. నాన్నగారికి నా మాటగా చెప్పు, వచ్చే ఏడు కాదు, ఆ పై ఏడు కూడా వద్దు. ముందు కాళ్ల మోకాలి పైన ఎముక పెరిగే చోటు పూర్తిగా అతుక్కోవడానికి రెండేళ్లు దాటుతుంది, వీపు ఇంకా ఆలస్యం. మూడేళ్లు నిండకుండా మనిషిని ఎక్కించి, డీజే చప్పుడులో, తారు రోడ్డు మీద గంటలు గంటలు నిలబెడితే కీళ్లు పాడవుతాయి. అలాంటి గుర్రాలు ఆరేడేళ్లకే కుంటుతూ అమ్మకానికి రావడం హైదరాబాద్‌లో కళ్లారా చూస్తూనే ఉన్నాను. పంచకల్యాణి అని ఊరంతా మెచ్చుకున్న పిల్లకి ఆ గతి పట్టనివ్వొద్దని చేతులెత్తి అడుగుతున్నాను.


పశువుల డాక్టరమ్మ, కర్నూలు:

సాయీసు గారు చెప్పిన పద్ధతినే అనుసరించండి. నేను వైద్యం వైపు కొన్ని మాటలు కలుపుతాను.

వాసన విషయం. త్రికోణం పక్క సందుల్లో నల్లటి జిగురు ఉండి కుళ్లు కంపు కొడుతుంటే అది థ్రష్. గాలి తగలని తడిలో పెరిగే సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. సందులు శుభ్రం చేసి, పూర్తిగా తుడిచి, పోవిడోన్ అయోడిన్‌లో ముంచిన దూదిని సందులో పెట్టండి. ఊళ్లో కొందరు మైలుతుత్తం చిక్కగా కలిపి పోస్తారు, ఫార్మలిన్ కూడా పోస్తారు. లేత గిట్టకు అవి వద్దు, బతికి ఉన్న కండను కాలుస్తాయి. వాడేసిన ఇంజను ఆయిల్ అసలే వద్దు. పొడి నేల లేకుండా ఏ మందూ పనిచేయదు. నొక్కితే నొప్పి, రక్తం, కాలు వాపు ఉంటే సొంత వైద్యం ఆపి చూపించండి.

కాళ్లు బయటికి తిరగడం గురించి. ఈ వయసులో ఛాతీ ఇరుకు కాబట్టి మోచేతులు లోపలికి ఉండి మొత్తం కాలు కొంచెం బయటికి తిరిగినట్టు కనిపిస్తుంది. ఛాతీ విప్పారేకొద్దీ చాలావరకు సర్దుకుంటుంది. కానీ కాలు మొత్తం కాకుండా గిట్ట పైన కీలు దగ్గరే వంకర మొదలైతే అది వేరు. అక్కడ ఎముక ఎక్కువగా పెరిగేది మొదటి మూడు నెలల్లోనే కాబట్టి ఆలస్యం చేయకుండా చూపించాలి. మోకాలి దగ్గర వంకరైతే ఇంకా సమయం ఉంటుంది. ఎదురుగా, పక్కగా, వెనక నుంచి ఫొటోలు తీసి ఉంచుకుంటే నెల నెలా పోల్చుకోవచ్చు.

మేత. ఉలవలు మంచివే. కానీ తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం తక్కువ. ఎదిగే పిల్లకి అదే ఎక్కువగా పెడితే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుంటుంది. తవుడు బాగా తగ్గించి, లూసర్న్ అనే పచ్చిమేత దొరికితే అది కలపండి, ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి. గుగ్గిళ్లు, దాణా అతిగా పెట్టి పిల్లని బొద్దుగా చేసినా కీళ్లు వాచి కాళ్లు బిగుసుకుంటాయి. ఒక హెచ్చరిక: కోళ్ల దాణా, గేదెల దాణా గుర్రానికి పెట్టకండి. కొన్నింటిలో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. కొద్దిగా తిన్నా గుర్రం గుండె దెబ్బతిని చనిపోవచ్చు.

ధనుర్వాతం టీకా తల్లికి ఎప్పుడైనా వేయించారా? పశువులన్నిటిలో గుర్రానికి ఆ భయం ఎక్కువ, గిట్టలో చిన్న మేకు దిగినా చాలు. తాడు గాయం కూడా అయిందన్నారు కాబట్టి పిల్లకి ఇప్పుడే మొదటి డోసు వేయించి, నాలుగు నుంచి ఆరు వారాల్లో రెండోది వేయించండి. నులిపురుగుల మందు ఇంకా తాగించకపోతే తాగించాలి. పిల్లల్లో వచ్చే పెద్ద ఏలికపాముల మీద చాలాచోట్ల ఐవర్‌మెక్టిన్ పనిచేయడం లేదు. ఫెన్‌బెండజోల్ గురించి డాక్టరును అడిగి, బరువును బట్టి మోతాదు ఇవ్వండి. తల్లిని బయటి రాష్ట్రం నుంచి తెచ్చారు కాబట్టి గ్లాండర్స్ రక్తపరీక్ష చేయించారో లేదో చూసుకోండి, అది మనుషులకూ సోకే జబ్బు. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వాహనం వస్తుంది. పెద్ద సమస్య అయితే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పాలు మాన్పించే వయసు కూడా దగ్గర పడింది. పాలు మాన్పించడం, టీకా, గిట్టలు చెక్కించడం ఒకే వారంలో పెట్టుకోకండి. అన్ని కష్టాలూ ఒకేసారి మీద పడితే మీరు నేర్పింది మరిచిపోతుంది.


పాడేరు కొండ దారి:

అన్నా, మా వైపు రోడ్డు లేని ఊళ్లలో కాఫీ, మిరియాలు సంతకి దించేది గుర్రాల మీదే. మా ఇంట్లో ఉన్న వాటికి లాడాలు వేయం. పిల్ల పుట్టిన కొన్ని వారాలకే తల్లి వెంట కొండ దిగి ఎక్కుతుంది, రాళ్ల మీద గిట్ట తనంతట తానే అరిగి చక్కగా కుదురుతుంది. మీ పిల్ల రోజంతా పాకలోనే ఉంటోందా? పగలు తల్లితో పాటు వదిలేయండి. తిరిగితేనే గిట్ట గట్టిపడుతుంది.

మా తాత ఒకటి చేసేవాడు. మూట దించాక తల్లి గిట్టల్లో రాళ్లు చూసేటప్పుడు పిల్లని పక్కనే ఉంచి, తల్లి నాలుగు కాళ్లూ అయ్యాక అదే వరసలో పిల్ల కాళ్లు కూడా ముట్టేవాడు. తల్లి బెదరదు కాబట్టి పిల్లా బెదరదు. మీ తల్లి గుర్రం కాళ్లు బాగా ఇస్తే మీరూ అలా చేయండి.


తాండూరు కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్. బండలు సగం లేపించి మొరం పోయించాం. బయట పొడి నేల మీద ముందు కాళ్లు ఇప్పుడు హాయిగా ఇస్తోంది. పగలు తల్లితో పొలం గట్ల మీద తిరుగుతోంది. డాక్టరు వచ్చి ధనుర్వాతం టీకా వేసి, తల్లికి గ్లాండర్స్ పరీక్ష కోసం రక్తం తీసుకెళ్లారు. గుడ్డ కర్రకు తన్నడం మానేసింది, వెనక ఎడమ కాలు చేతికి ఇచ్చింది. నాన్న కూడా బరాత్ మాట ఎత్తడం లేదు, పొద్దున్నే గోకడానికి తనే ముందు పోతున్నాడు.

వెనక కుడి కాలే అర్థం కావడం లేదు. ఎత్తగానే పైకి గుంజి పొట్టకు ఆనించేసుకుని వణుకుతోంది. తన్నడం లేదు. చెవులు కూడా వెనక్కి పెట్టడం లేదు. మళ్లీ కర్రతో మొదలుపెట్టాలా?


మలక్‌పేట పాత సాయీసు:

చెవులు వెనక్కి పెట్టకుండా కాలు పైకి గుంజి వణుకుతోందంటే అది కోపం కాదు తమ్ముడూ, నొప్పి. కర్ర పక్కన పెట్టు. రెండు అరచేతులూ వెనక గిట్టలు రెండింటి మీదా ఒకేసారి వేసి చూడు, కుడిది వేడిగా ఉందా? గిట్ట పైన కీలు వెనక రెండు పక్కలా వేలు ఆనిస్తే నాడి కొట్టుకోవడం తెలుస్తుంది, ఎడమ దానికంటే గట్టిగా కొట్టుకుంటోందా? సందులో దూది పెట్టేటప్పుడు ఉలిక్కిపడుతోందా? వీటిలో ఏది ఉన్నా డాక్టరమ్మ చెప్పినట్టు వెంటనే చూపించు, లోపల చీము పట్టి ఉండొచ్చు.

ఇవేవీ లేకపోతే కుళ్లు పట్టిన చోట నువ్వు వేళ్లు ఆనిస్తున్నావేమో చూసుకో. గిట్టను ముందు అంచు దగ్గర పట్టుకో, మడమ వైపు పట్టకు. నేలకు జానెడు మించి లేపకు. అది పైకి గుంజితే నీ చేయీ దాంతో పైకి పోయి, వణుకు ఆగాక కిందికి రావాలి. నయమయ్యేదాకా ఆ కాలికి మందు పెట్టడం, దించడం, అంతే. కొత్త పాఠాలేవీ వద్దు. నాల్‌బంద్ వచ్చినా ఈసారి మిగతా మూడూ చేయించి దాన్ని వదిలేయి. చేతికి వేడి తగిలిందో లేదో చూసి ఈ రాత్రికే ఇక్కడ రాయి.


తాండూరు కుర్రాడు:

చూశాను అన్నా. రెండు గిట్టలూ ఒకేలా ఉన్నాయి, వేడి లేదు, నాడి కూడా తేడా లేదు. కానీ మడమ పక్క సందులో దూది తగలగానే కాలు పైకి లేపేస్తోంది. ముందు అంచు పట్టుకుంటే నిలబడింది. పొద్దున 1962కి ఫోన్ చేస్తాను.